యానాంలో ఉన్నవాడికి దగ్గరి షాపు ఎక్కడ?

కాకినాడ నుంచి యానాం 30 కిలోమీటర్లే. బండ్ల నంబర్లు ఏపీ నుంచి పీవై 04కి మారితే తప్ప, వేరే ప్రాంతంలోకి వచ్చామని తెలీదు. భాష అదే, యాస అదే, పులస కబుర్లూ అవే. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండటం వల్ల, చుట్టూ ఆంధ్రా ఉన్నా ఈ ఊరు ఇప్పటికీ పుదుచ్చేరి కిందే లెక్క.

నాన్నని అక్కడికి తీసుకెళ్లింది ఆయన కాలేజీ స్నేహితుడి కోసం. ఇద్దరూ కలిసి పదకొండేళ్లయింది. గౌతమి గోదావరి ఒడ్డున కూర్చుని బాబాయ్ ఏదో పాత సంగతి చెబుతున్నారు. నాన్న నవ్వుతూ తలూపుతున్నారు. ఆ ఊపు నాకు బాగా తెలుసు. వినపడనప్పుడు అలాగే ఊపుతారు.

చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది. 312 సైజు, శనగ్గింజంత ఉంటుంది. వారానికొకటి మార్చాలి. కొత్త స్ట్రిప్ హైదరాబాద్‌లో ఫ్రిజ్ మీదే వదిలేసి వచ్చింది నేనే. అక్కడ రెండు మెడికల్ షాపుల్లో అడిగాను, లేవన్నారు.

ఫోన్ తీసి మిషన్ కంపెనీ సైట్‌లో 'మీ దగ్గరి స్టోర్' నొక్కాను. రాష్ట్రం దగ్గర పుదుచ్చేరి అని పెట్టాను. మొదటి షాపు పుదుచ్చేరి నగరంలో వచ్చింది. రోడ్డు మీద వెళ్తే 800 కిలోమీటర్ల పైమాటే! రెండోది కారైకాల్, ఇంకా కిందకి. ఆ 'దగ్గరి' షాపుకెళ్లి వచ్చేసరికి మేం తిరుగు రైలు కూడా ఎక్కేసి ఉంటాం.

ఎందుకలా వచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. ఆ ప్రోగ్రామ్ ముందు రాష్ట్రం చూసి మిగతావన్నీ తీసేస్తుంది. మిగిలినవాటిలో దగ్గరిది వెతుకుతుంది. కాకినాడ షాపు మొదటి మెట్టులోనే ఎగిరిపోయింది. కేరళ మధ్యలో ఉన్న మాహేలో వెతికినా ఇదే గోల. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, మా టీమ్ రాసిన ఫారం కూడా అచ్చం ఇలాంటిదే. రాసింది నేను. అప్పుడు నాకు యానాం గుర్తు రాలేదు.

బాబాయ్ నా ఫోన్ చూసి నవ్వారు. "మేం ఎప్పుడూ ఆంధ్రా, కాకినాడ అనే కొడతాం అబ్బాయ్. పుదుచ్చేరి అని కొడితే ఏదీ దొరకదు" అన్నారు.

కొట్టాను. దొరికింది.

తపాలా శాఖకి మాత్రం ఈ తికమక లేదు. యానాం పిన్ కోడ్ 533464. పుదుచ్చేరి నగరానిది 605తో మొదలవుతుంది. కాకినాడ, అమలాపురంలా యానాం కూడా 533లోనే ఉంది. ఉత్తరం ఏ దారిన రావాలో చూశారు గానీ, ఊరు ఎవరి పాలనలో ఉందని కాదు.

ఆటో మాట్లాడుకుని కాకినాడ బయల్దేరాను. దారిలోనే టీమ్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: 'ముందు దూరం చూద్దాం. రాష్ట్రం పేరు అడ్రస్‌లో ఉంటే చాలు.'

తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. బ్యాటరీ మీది స్టిక్కర్ పీకి, మిషన్‌లో వేసి, నాన్న చెవికి పెట్టాను. గోదావరి గాలి చప్పుడుకి ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. తర్వాత బాబాయ్ వైపు తిరిగారు.

"ఇందాక ఏదో చెప్పావు కదరా... మొదట్నుంచీ చెప్పు."