అడగకుండా వడ్డించే అన్నం

జకార్తాలో దిగిన మొదటిరోజు. మధ్యాహ్నానికి ఆకలి దహించుకుపోతున్నది. "అన్నం దొరికే చోటికి పోదాం, మహాప్రభో!" అన్నాను మా మిత్రుడితో. ఆయన నన్నొక పాడాంగు హోటలుకు తీసుకుపోయాడు.

పాడాంగు పశ్చిమ సుమత్రాలో సముద్రం ఒడ్డున ఉన్న పట్నం. అక్కడి మినాంగ్‌కబావు జాతివారు ఇండోనేషియా అంతటా ఇటువంటి హోటళ్లు పెట్టారు. దున్నపోతు కొమ్ముల్లా రెండు మొనలూ పైకి లేచిన కప్పు కనిపించిందా, అది వారిదే.

కూర్చున్నామో లేదో, ఒక కుర్రవాడు ఎడమచేతి మీద మోచేతిదాకా పళ్లెం మీద పళ్లెం పేర్చుకుని వచ్చాడు. ఏం కావాలని అడగలేదు. వేడి అన్నం పెట్టి, చుట్టూ పన్నెండు పళ్లేలు పరిచి వెళ్లిపోయాడు. నేను మెల్లిగా జేబు తడుముకున్నాను.

మిత్రుడు నవ్వాడు. "ముట్టుకున్న వాటికే డబ్బు. తక్కినవి వెనక్కి పోతాయి."

మరి ఎంగిలో? ముట్టుకోనంతవరకూ అది హోటలుదే. చెయ్యి పడిందా, ఇక మీదే. లెక్క చూసేది భోజనమయ్యాకనే.

పనసకాయ గులాయ్ దగ్గరకు లాక్కున్నాను. పసుపు, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి వేసి కొబ్బరిపాలలో ఉడికించిన కూర అది. పక్కన ఉడికించిన కర్రపెండలం ఆకు, పచ్చిమిరపకాయల సంబల్. గిన్నెలో నీళ్లు పెట్టారు చేతులు కడుక్కోవడానికి. అయిదు వేళ్లతో కలుపుకుని తింటే ప్రాణం లేచివచ్చింది.

మిత్రుడు రెండాంగు తిన్నాడు. సాధారణంగా అది గొడ్డుమాంసంతో చేస్తారు. కొబ్బరిపాలన్నీ ఇగిరి, నూనె తేలి, ముక్క నల్లబడేదాకా గంటల తరబడి సన్నని సెగమీద కలుపుతూనే ఉండాలి. వారాలపాటు నిలవ ఉంటుంది. మన తల్లులు పై ఊరు వెళ్లే కొడుక్కి ఆవకాయ జాడీ కట్టినట్టు, అక్కడి తల్లులు రెండాంగు కట్టి ఇస్తారు.

కొడుకులు పై ఊళ్లకు వెళ్లడం అక్కడ ఆచారం. దాన్ని 'మెరాంతావ్' అంటారు. తాతలనాటి ఇల్లూ, పొలమూ కూతుళ్లవి. మగపిల్లలు రెక్కలు రాగానే బతుకు వెతుక్కుంటూ బయలుదేరతారు.

హోటలు యజమానికి అరవై ఏళ్లుంటాయి. మిత్రుడు దుబాసీగా నిలబడితే మాటల్లో పెట్టాను. 2009 సెప్టెంబరు 30న పాడాంగులో వచ్చిన భూకంపంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వీరి ఇల్లూ కూలిపోయింది. ఈయన డబ్బు పంపించి మళ్లీ కట్టించాడు.

"అయితే ఇల్లు మీదేనన్నమాట!" అన్నాను.

"కాదండీ, మా అక్కది. ఆమె తరవాత ఆమె కూతురిది. అందులో నాకు గది కూడా లేదు."

నేను కట్టిన ఇంట్లో నాకు గది లేదంటే నిద్రపట్టేదా? ఆ మాటే అడిగేశాను.

ఆయన మా బల్లమీద పళ్లేలు లెక్కపెడుతూనే జవాబిచ్చాడు:

"గది లేకపోతేనేం? నేను గుమ్మంలో అడుగుపెడితే మా అక్క కూడా ఇలాగే వడ్డిస్తుంది, ఏం కావాలని అడగకుండా. లెక్క మాత్రం పెట్టదు."