వరస ఎవరి సొత్తు?

సెప్టెంబర్ 3

మధ్యాహ్నం వస్తాదు గారు ఆఫీసుకొచ్చారు. ఆయనది తండ్రి పేరు మీద నడుస్తున్న తాలింఖానా, కర్రసాము నేర్పుతారు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు పట్నంలో అకాడమీ తెరిచి, అదే వరస నేర్పుతున్నాడట. బోర్డు మీద పేరు కూడా ఈ తాలింఖానాదే.

"మా అయ్య కట్టిన వరసమ్మా అది. పేటెంటు తీసుకోవచ్చా?"

పేటెంటు కుదరదని అప్పుడే చెప్పేశాను. మిగతాది చూడటానికి నాలుగు రోజులు గడువడిగాను. వెళ్లబోతూ గొడుగు చేతబట్టి వరస మొదలు చూపించారు. ఎడమకాలు వెనక్కి పడింది. గొడుగు భుజం మీదుగా తిరిగి మోకాలి ఎత్తున ఒక్క క్షణం ఆగింది. అక్కణ్ణుంచి నేరుగా ఎదుటివాడి మణికట్టు మీదికి. అందులో అలంకారానికని ఒక్క తిప్పు లేదు. ఆగడం కూడా దెబ్బ కాచుకోవడానికే.

సెప్టెంబర్ 5

ఆ గొడుగు దెబ్బే నాకు దారి చూపింది. ఉపయోగం కోసం పుట్టిన పద్ధతిని కాపీరైటు కాపాడదు. బిక్రమ్ యోగావాళ్లు 26 ఆసనాల, 2 శ్వాస వ్యాయామాల వరస తమదేనంటే, 2015లో అమెరికాలోని తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. పుస్తకం మీద హక్కు రాసినవాడికి ఉంటుంది. అందులో చెప్పిన పద్ధతిని ఎవరైనా ఆచరించవచ్చు. అంతకు ముందు ఏడాదే ప్రాణిక్ హీలింగ్ అనే చికిత్సా పద్ధతి కేసులో ఢిల్లీ హైకోర్టుదీ ఇదే ధోరణి.

ఇది న్యాయమేనని మనసారా నమ్ముతున్నాను. ఏ కాలంలోనో ఎవరో ఆ మణికట్టు దెబ్బకు తాళం వేసుకుని ఉంటే, వస్తాదు గారి తండ్రికి కట్టడానికి వరసే మిగిలేది కాదు.

రంగస్థలం మీద లెక్క వేరు. మన 1957 కాపీరైటు చట్టం నృత్య రూపకల్పనను నాటక కృతిగా గుర్తిస్తుంది. అయితే అది కాగితం మీదో మరో విధంగానో నమోదై ఉండాలి. కన్నడ రచయిత శివరామ కారంత్ యక్షగాన బ్యాలేల వివాదాన్ని 2009లో సుప్రీంకోర్టు ఈ చూపుతోనే పరిశీలించింది. కర్రసాముతో ఒక కథ కట్టి ఆడిస్తే వాదించడానికి చోటుంటుంది. వస్తాదు గారు మాత్రం కథ కట్టలేదు, మనుషులను తయారుచేశారు.

సెప్టెంబర్ 6

ఇక పేరు సంగతి. కర్రసాము అన్న మాట ఎవరికీ దక్కదు, దక్కకూడదు కూడా. క్రావ్ మగా అనే పోరాట విద్య పేరు మీదా అమెరికాలో ఇదే తగువు నడిచింది. జుజిట్సు నేర్పే గ్రేసీ కుటుంబంలో అన్నదమ్ముల బిడ్డలే కోర్టుకెక్కారు. 'గ్రేసీ జుజిట్సు' పేరు మీద రోరియన్ గ్రేసీ హక్కు నిలవలేదు, త్రిభుజం లోగో మాత్రం ఆయనకు దక్కింది. 2000లో అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది.

తాలింఖానా పేరు అలాంటి మాట కాదు. అది ఫలానా ఇంటి పేరు, ఫలానా మనిషి పరువు. కుర్రాడు రేపు రిజిస్టర్ చేయించుకున్నా, ముందునుంచీ వాడుతున్నవారిని ట్రేడ్ మార్క్స్ చట్టం 34వ సెక్షన్ కాపాడుతుంది. వాడి దరఖాస్తు జర్నల్లో పడితే నాలుగు నెలల్లో అభ్యంతరం వేయొచ్చు. ఆధారాలే ముఖ్యం: పాత కరపత్రాలు, ఊరేగింపు ఫొటోలు, చందా రసీదులు.

సెప్టెంబర్ 8

కాపీరైటు చట్టంలో 'ప్రదర్శకుడు' అన్న నిర్వచనం మళ్లీ చదివి సంతోషమేసింది. నటుడు, గాయకుడు, గారడీవాడు, పాములవాడు, చివరకు ఉపన్యాసం ఇచ్చేవాడూ అందులో ఉన్నారు. ఆఖర్న, ప్రదర్శన ఇచ్చే మరెవరైనా. అంటే జనం ముందు వస్తాదు గారు కర్ర తిప్పితే, ఆ ప్రదర్శన 50 ఏళ్లు ఆయనది. అనుమతి లేకుండా వీడియో తీసి అకాడమీ ప్రచారానికి వాడుకుంటే అడిగే హక్కు ఉంది. వరసను కాపాడని చట్టం ఆ వరస ఆడిన ఒంటిని కాపాడుతోంది. డెబ్బై దాటిన ఆ చేతులకు ఇది దక్కాల్సిందే.

సెప్టెంబర్ 9

వస్తాదు గారు అన్నీ విన్నారు. "అయితే వాడు వరస నేర్పుకోవచ్చన్నమాట."

"నేర్పుకోవచ్చండీ. మీ పేరు పెట్టుకుని మాత్రం కాదు."

కాసేపాగి, "నేర్పనీండమ్మా, పిల్లలకే కదా. వాడికి మూడో అడుగు ఇంకా కుదరలేదు, అలాగే నేర్పేస్తాడేమోనని నా బాధ" అన్నారు.

ఎల్లుండి తాలింఖానా పేరును ట్రేడ్ మార్కుగా రిజిస్టర్ చేయించడానికి ఫారం టీఎం-ఏ వేస్తాం. 41వ తరగతి, వ్యక్తిగత దరఖాస్తుకు ఆన్‌లైన్ రుసుము 4,500 రూపాయలు. కుర్రాడికి నోటీసు కూడా రాశాను. బోర్డు మార్చమన్నాను. నేర్పడం ఆపమనలేదు.