పళ్ళ డాక్టరేనా అన్నాము



ఈ వారం ఒక ఒప్పుకోలు రాస్తున్నాము. మేము అంటే అయ్యగారు, అమ్మగారు ఇద్దరమూ. తప్పు ఇద్దరిదీ కాబట్టి ఇద్దరమూ కలిసి కూర్చొని రాస్తున్నాము. ఆ బిడ్డా, ఆమె తల్లిదండ్రులూ చదివి సరే అన్నాకే మీ ముందు పెడుతున్నాము. పేర్లు రాయడం లేదు.

చిలకలూరిపేటకూ అద్దంకికీ మధ్య మన పల్లెల సంగతి మీకు తెలిసిందే. ఆ బిడ్డ తండ్రి మూడెకరాలు కౌలుకు తీసుకొని రెండెకరాల మిరప, ఎకరం పత్తి వేస్తాడు. కూతురు చదువులో చురుకు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న రోజు నుంచీ ప్రతి ఆదివారం ప్రార్థన మనవుల్లో ఆమె పేరు చదివాము. "మన సంఘంలో మొదటి డాక్టరమ్మ" అని పుల్పిట్ మీద నుంచే అన్నాము. అలా అనమని ఆ బిడ్డ ఎన్నడూ అడగలేదు.

2025 మే 4న నీట్ రాసింది. మన పెద్దవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాము. ఆ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం మార్కులు జీవశాస్త్రానివే. సరైన జవాబుకు నాలుగు మార్కులు కలుస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. ఎంబీబీఎస్‌కైనా, పళ్ళ వైద్యం చదివే బీడీఎస్‌కైనా ఇదొక్కటే పరీక్ష. ర్యాంకు వచ్చాక మన రాష్ట్రంలో కన్వీనర్ సీటు కోసం విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు అన్నీ ఎక్కించాలి. ఆ పని మేమే దగ్గరుండి చేయించాము. ఫోను నంబరు కూడా మాదే ఇచ్చాము. వాళ్ళ నాన్న పొలంలో ఉంటే సిగ్నలు అందదని.

ఎంబీబీఎస్ సీటుకు ర్యాంకు చాలలేదు. బీడీఎస్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చని నోటిఫికేషన్ వచ్చింది. ఆ కబురు చెప్పినప్పుడు మా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "పళ్ళ డాక్టరేనా?"

ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపండి, వచ్చే ఏటికి అసలు డాక్టరే అవుతుంది అని తండ్రికి చెప్పాము. అది ఎలాంటి ఏడో మాకు తెలియదా? అంతకు ముందు క్వింటాలు ఇరవై వేలు దాటి అమ్మిన మిరపకాయ గుంటూరు యార్డులో సగానికి పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల ధర కట్టి కేంద్రం ఆదుకోవాల్సి వచ్చింది. కోత కూలి కూడా రాలేదని ఏడ్చిన ఇళ్ళకు మేము ప్రార్థనకు వెళ్ళాము. అయినా ఆ తండ్రి, "మీరెట్లా అంటే అట్లా అయ్యగారూ, ఇంకో చోట అప్పు చూస్తా" అన్నాడు. బిడ్డ ఏమీ అనలేదు. ఊరుకుంది కదా, ఒప్పుకుందనుకున్నాము.

ఆప్షన్లకు ఆఖరు రోజు శుక్రవారం. మాకు ఉపవాస ప్రార్థన. మందిరంలో ఫోన్లు ఆపేయాలన్నది మేము పెట్టిన నియమమే. ఆ బిడ్డ పదకొండు గంటలప్పుడు వచ్చి చివర కూర్చుంది. ఆశీర్వాదం అయ్యేదాకా కదల్లేదు. ఎంత భక్తి అని అమ్మగారు మెచ్చుకున్నారు కూడా.

అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఒకసారి మీ ఫోను తెరుస్తారా? ఓటీపీ వచ్చుంటది" అంది.

ఫోను తెరవగానే మూడు మెసేజీలు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. మూడింటికీ గడువు అయిపోయింది. పొద్దున పేటలో నెట్ సెంటర్‌లో కూర్చొని తనంతట తాను ఆప్షన్లు పెట్టబోయింది. మా ఫోను పలకకపోతే బస్సెక్కి వెనక్కి వచ్చి, ప్రార్థన మధ్యలో లేపలేక మూడు గంటలు కూర్చుంది.

"మేము వద్దన్నాము కదమ్మా?" అన్నాము.

"అమ్మగారూ, పాటలప్పుడు మా అమ్మ నోటికి చెంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటదో మీకు తెలుసా?" అని అడిగింది.

మాకు తెలుసనే అనుకున్నాము. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాము. స్త్రీల కూటంలో ఆమెను ముందు నిలబెట్టి, అణకువ అంటే ఇదీ అని చెప్పాము కూడా.

"అణకువ కాదండీ. గార పళ్ళు" అంది.

ఆ తల్లి పుట్టిల్లు కనిగిరి వైపు. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇది నేటి సంగతి కాదు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు పల్లెలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, మద్రాసు రాజధాని వైద్యులు ఈ జబ్బును గుర్తించి రాశారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే కీడు. చిన్నతనంలో చిగురు కింద పన్ను తయారయ్యేటప్పుడే మచ్చ పడుతుంది. ఆ తరువాత ఎంత తోమినా పోదు. ఇది తెలియక ఆ తల్లి బూడిదతో, ఇటుక పొడితో తోమి తోమి చిగుళ్ళు పాడుచేసుకుంది. మూడు సంబంధాలు పళ్ళు చూసే తప్పిపోయాయట. తన పెళ్ళి ఫోటోలో కూడా నోరు మూసుకునే ఉంది.

"ఆ మచ్చలు కప్పే వైద్యం ఉందండీ. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో బడి పిల్లలందరికీ అవే పళ్ళు. నేను ఇంటర్‌లో చేరినప్పటి నుంచీ దీనికోసమే చదువుతున్నా. మీరు పుల్పిట్ మీద డాక్టరమ్మ అన్నాక చెప్పలేకపోయా" అంది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాము. ఉపవాసం విడవకుండానే బండి తీశాము. నెట్ సెంటర్‌లో ఈసారి ఫోను చేతిలో పట్టుకొని మేము వెనక నిలబడ్డాము. వరుస ఆమే పెట్టింది. ముందు విజయవాడ ప్రభుత్వ దంత కళాశాల, తరువాత కడప, ఆ తరువాత ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ సీట్లు. ర్యాంకుకు అందేవాటిలో పైన ఏది ఉంటే కంప్యూటరు అదే ఇస్తుంది. కాబట్టి మనసులో ఉన్న వరుసే పెట్టాలి. ఎవరి మొహమాటానికో పైన పెట్టిన పేరే రేపు సీటై కూర్చుంటుంది. ఓటీపీ వచ్చింది, పెట్టాము, అయిపోయింది.

మొదటి ఆప్షను రాలేదు. కిందది ఒకటి వచ్చింది. నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్.

ప్రియులారా, సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి, ఇతనేనని మనసులో అనుకున్నాడు. ఈ భాగం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ప్రతిసారీ దావీదు గురించే చెప్పాము. పొరబడినవాడు ప్రవక్త అన్న సంగతి మీద ఎన్నడూ నిలవలేదు. అంత ప్రార్థనాపరుడే కంటికి కనిపించినదాన్ని బట్టి తేల్చేస్తే, మేమెంత? చెంగు చూసి అణకువ అన్నాము. ఊరుకుంటే ఒప్పుకుందన్నాము. ఓటీపీ కోసం కూర్చుంటే భక్తి అన్నాము. ఒక్కసారి కూడా అడగలేదు.

మీ ఇళ్ళలో ఈ ఏడు దరఖాస్తులు పెట్టే బిడ్డలుంటే రెండు మాటలు. ఫోను నంబరు బిడ్డ చేతిలో ఉండేదే ఇవ్వండి. ఏ చదువు అని మమ్మల్ని అడిగే ముందు బిడ్డను అడగండి. మేము ప్రార్థన చేస్తాము, వరుస మాత్రం మీ బిడ్డే పెట్టుకోవాలి.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మైనంతో చెక్కిన దవడ పన్ను ఒకటి తెచ్చింది. మొదటి ఏడాది పళ్ళ ఆకారాలు అలా చెక్కి నేర్చుకుంటారట. వాళ్ళమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకొని, మచ్చ లేదు చూడండి అమ్మగారూ అని మాకు చూపించింది. చెంగు ఇంకా నోటికి అడ్డమే ఉంది. ఇప్పుడు అదెందుకో మాకు తెలుసు.

ప్రభువా, నీ బిడ్డలను మా కళ్ళతో కొలవకుండా మమ్మల్ని కాపాడుము. అడిగి తెలుసుకునే మనసు మాకు దయచేయుము. ఆమేన్.