ఇంటిపేరున్న ఫైళ్లు

1/3కి 1/4 కలిపితే ఎంతండీ? బళ్లో పిల్లాడైనా 7/12 అంటాడు. మామూలు క్యాలిక్యులేటర్ మాత్రం 0.5833333 అంటూ తెర నిండా మూళ్లు పరుస్తుంది. ఆ జవాబు పట్టుకెళ్తే లెక్కల మాస్టారు ఊరుకుంటారా? ఇళ్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, బుద్ధిగా 7/12 అని చెప్పిన ప్రోగ్రాం ఒకటుంది. పేరు మ్యూమాత్.

దాన్ని తయారుచేసింది హవాయిలోని హొనొలులులో ఇద్దరు: ఆల్బర్ట్ రిచ్, డేవిడ్ స్టౌట్‌మైర్. వాళ్ల కంపెనీ సాఫ్ట్ వేర్‌హౌస్ 1979లో మొదలైంది. అక్షరాలతో లెక్కలు చేసే ప్రోగ్రాములు అంతకుముందూ ఉన్నాయి. ఎంఐటీ వాళ్ల మ్యాక్సిమా అలాంటిదే, కానీ దానికి పెద్ద పెద్ద యంత్రాలు కావాలి. వీళ్లేమో టీఆర్ఎస్-80 లాంటి బుల్లి యంత్రాల్లో, 64 కేబీ దాటని మెమరీలో సరిపెట్టారు. పొద్దున్నే మీకు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు!

మరి ఎలా పట్టించారంటారా? అన్నీ ఒకేసారి ఎక్కించకుండా. ఏ లెక్క కావాలంటే ఆ ఫైలే డిస్కు నుంచి ఎక్కించుకోవాలి. ఆ ఫైళ్ల పేర్లు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. అవకలనం ఫైలు డిఫ్.ఆల్జ్, సమాకలనం ఫైలు ఇంట్.డిఫ్. చుక్క తర్వాత ఉన్నది ఇంటిపేరనుకోండి, ముందు ఎవరిని పిలవాలో అదే చెబుతుంది. ఆల్జీబ్రా రానిదే డిఫ్ రాదు, డిఫ్ రానిదే ఇంట్ రాదు.

ఇంకో తిరకాసుంది. x(x+1) అలాగే ఉంచాలా, x²+x అని విప్పాలా? ఏది సులువో యంత్రానికేం తెలుసు! అందుకని నమ్‌నమ్ అనే మీట లాంటిదొకటి పెట్టారు. దానికి ప్లస్ విలువ ఇస్తే విప్పుతుంది, మైనస్ ఇస్తే కారణాంకాలుగా కూరుస్తుంది. ఇలాంటివి మరికొన్ని. లెక్క చేయడం కంటే ఈ మీటలు గుర్తుపెట్టుకోవడమే కష్టం. 1988లో వాళ్లే తెచ్చిన డిరైవ్ అనే ప్రోగ్రాంలో మెనూలు పెట్టి ఆ బాధ చాలావరకు తప్పించారు.

హెర్బర్ట్ విల్ఫ్ అనే అమెరికా గణితాచార్యుడు 1982లోనే, కాలేజీ చదువు చదివిన డిస్కు అనే అర్థం వచ్చే శీర్షికతో మ్యూమాత్ మీద వ్యాసం రాశారు. క్యాలిక్యులేటర్లు బడిపంతుళ్లకు తెచ్చిన తంటా ఇక కాలేజీ వాళ్లకూ తప్పదన్నది ఆయన హెచ్చరిక. తప్పలేదు మరి. 1995కల్లా డిరైవ్ విద్య చాలావరకు టీఐ-92 అనే చేతి క్యాలిక్యులేటర్లోకి దిగింది.

జవాబొక్కటే పడేస్తే పిల్లలు నేర్చుకునేదేముంటుందని మాస్టార్ల సణుగుడు. అందులో న్యాయముంది. రిచ్ ఆ తర్వాత చేపట్టిన పని రూబీ అనే ప్రోగ్రాం. అందులో సమాకలన సూత్రాలు వేలకొద్దీ ఉన్నాయి. అడిగితే ఏ మెట్టు దగ్గర ఏ సూత్రం వాడిందో కూడా వరసగా చూపిస్తుంది.