గోదావరి ఒడ్డున నాలుగు రోజులు

ప్రయాణ సాధనానికి వేగం పెరిగిన కొద్దీ దారి చిన్నదవుతుంది. దారిలోని మనుషులు ఇంకా చిన్నవారవుతారు. లాంచీ ఎక్కి పాపికొండలు చూచి వచ్చినవారు మన విద్యార్థుల్లోనే ఎందరో ఉన్నారు. రెండు వైపులా పచ్చని కొండలు, నడుమ పాపిట వలె సన్నని గోదావరి, లాంచీలో పాటలు, మధ్యాహ్న భోజనం. వారు చూచినదంతా సత్యమే. కాని లాంచీ మీది నుండి చూచిన కొండకూ, కాలినడకన దాటిన కొండకూ భేదం ఉన్నది. ఆ భేదాన్ని గురించియే ఈ నాలుగు మాటలు.

2012 జనవరి. తెలుగు ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న రోజులు. సంక్రాంతి సెలవులకు మిత్రులం నలుగురం కూనవరంలో బస్సు దిగినాము. ఒకడు చరిత్ర విద్యార్థి, ఒకడు వృక్షశాస్త్రం, మూడవవాడు ఏ శాస్త్రానికీ లొంగని హాస్యప్రియుడు. అటవీ శాఖవారి అనుమతి ముందుగానే పొందినాము. ఎడమ ఒడ్డు వెంట నడచి, కొండలు దాటి, దేవీపట్నం చేరాలని సంకల్పం. ఒక్కొక్కరి వీపున ఒక్కొక్క సంచి. అందులో దుప్పటి, అటుకులు, బెల్లం, బియ్యం, పప్పు. వంటగిన్నె మాత్రం వంతులవారీగా మోయాలని ఒడంబడిక.

కూనవరం వద్ద శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమం చూచి, శబరి దాటి, రేఖపల్లి మీదుగా శ్రీరామగిరి వైపు సాగినాము. మొదటి పూట నలుగురమూ కవులమే. ఏటి మీది పొగమంచును వర్ణించడంలో ఒకరికొకరం తీసిపోలేదు. మధ్యాహ్నానికి కవిత్వం తగ్గింది. సాయంకాలానికి మాటలే తగ్గినాయి. ఇసుకలో నడక ఎంతటి శ్రమయో నడచినవారికే తెలుస్తుంది. ముందుకు వేసిన అడుగులో సగం వెనుకకే జారుతుంది. ఇసుక ముగిసిన చోట గుండ్రాళ్ళు, గుండ్రాళ్ళు ముగిసిన చోట ముళ్ళకంపలు, ఆ తరువాత వాగు. వాగు దాటిన ప్రతిసారీ బూట్లు విప్పి మెడకు తగిలించుకొనడం, మళ్ళీ తొడుగుకొనడం. రెండవనాటికి భుజాలు కమిలిపోయినాయి. మడమలు బొబ్బలెక్కినాయి. గిన్నె మోసే వంతు ఎవరిదనే చర్చ న్యాయస్థానం దాకా పోయేటంత తీవ్రమైనది. హాస్యప్రియుడు మాత్రం, "ఒరే, కొండలు దూరాన నునుపని చెప్పినవాడు నడచిపోయినవాడేరా" అని, అలసటలోనూ మమ్మల్ని నవ్వించినాడు.

పోచవరం దాటిన తరువాత కొండలు దగ్గరికి వస్తాయి. అంతవరకు విశాలంగా పారిన నది కుంచించుకుపోయి, లోతు పెరిగి, చప్పుడు లేకుండా సాగుతుంది. ఒడ్డు వెంట వెదురు పొదలు, పైన టేకు, ఇప్ప, తునికి, అక్కడక్కడ జీలుగ చెట్లు. రాత్రి ఇసుకతిన్నె మీద నెగడు వేసుకొని కూర్చుంటే, ఎదుటి ఒడ్డున పేరంటపల్లి వైపు ఒక దీపం కనిపించింది. అప్పుడు చరిత్ర మిత్రుడు చెప్పినాడు. ఒకనాడు ఆ ఒడ్డు నిజాం రాజ్యం, మేము కూర్చున్న ఒడ్డు ఆంగ్లేయుల మద్రాసు రాష్ట్రం. నడుమ నది సరిహద్దు. కాని రెండు ఒడ్లలోనూ ఉన్నది ఒకే కొండరెడ్లు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నిజాం కాలంలో ఈ కొండల్లో తిరిగి, వారిని గురించి రాసిన గ్రంథం 1945లో వెలువడింది. పోడు కొట్టుకొని బ్రతికే ఈ జనం, వెదురు నరికించే వర్తకుల చేతుల్లో అప్పులపాలై ఎట్లా నలిగిపోయినారో అందులో ఉన్నది. కొండరెడ్ల మాతృభాష తెలుగే. తెలుగు సాహిత్యం చదివే నాకు ఆ రాత్రి ఆ మాట చాలాసేపు నిద్ర పట్టనీయలేదు.

మూడవనాడు వృక్షశాస్త్ర మిత్రునికి జ్వరం వచ్చింది. సంచి మాట అటుంచి, తన శరీరాన్ని తానే మోయలేని స్థితి. ఎట్లాగో ఒక కొండరెడ్ల గూడెం చేరినాము. పది పన్నెండు గుడిసెలు, వెనుక కొండవాలున కంది చేను. ఒక వృద్ధుడు మమ్మల్ని చూచి ఏమీ అడుగకుండానే చాప పరచినాడు. ఆ ఇంటి ఇల్లాలు వేడి జావ పోసింది. ఆ రాత్రి అక్కడే గడిపినాము. తెల్లవారిన తరువాత ఆ వృద్ధుడు రోగి సంచితో పాటు మా వంటగిన్నెను కూడా కావడికి తగిలించుకొని, "పదండి బాబూ, రేవు దాకా నేనొస్తా" అన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. మేము పది అడుగులు వేసేలోగా ఇరవై అడుగులు ముందు ఉండేవాడు.

"తాతా, ఈ దారిన తరచుగా పోతుంటారా?" అని అడిగినాను.

"వేరే దారేది బాబూ? కోటా బియ్యానికీ ఇదే, సంతకూ ఇదే. మొన్న వానాకాలం మా కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి ఈ దారినే మోసినాం. పొద్దుగూకి బయలెల్లితే తెల్లారి పొద్దెక్కినాక రేవు చేరినాం" అన్నాడు. తల్లీ బిడ్డా క్షేమమేనట. ఆ మాట వినే వరకు నలుగురిలో ఒక్కరమూ నోరు మెదపలేదు.

కొంత దూరం పోయిన తరువాత ఒక చింతచెట్టు కొమ్మల పంగ చూపించి, "ఎనభై ఆరు వరద ఇందాక వచ్చింది" అన్నాడు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75 అడుగులు దాటిన సంగతి మేము పుస్తకాల్లో చదివినదే. ఆయనకు అది చెట్టు మీది గుర్తు. కొంతసేపు ఆగి, "అది వచ్చింది, పోయింది. డ్యాం కట్టినాక వచ్చే నీళ్ళు పోవంట గదా బాబూ?" అన్నాడు. చదువుకున్నవారమని మమ్మల్ని అడిగినాడు. మా నలుగురి చదువులూ కలిపినా, పోవు తాతా అనడం తప్ప వేరే జవాబు లేదు.

రేవులో లాంచీ దొరికింది. నాలుగవనాటి సాయంకాలానికి మిత్రుణ్ణి ఆసుపత్రిలో చేర్చినాము, వారం రోజుల్లో కోలుకున్నాడు. తాత మా డబ్బు తీసుకోలేదు. మిగిలిన బెల్లం మాత్రం మనుమరాలికని మూట కట్టుకున్నాడు.

ఆ తరువాత 2014లో పోలవరం జాతీయ ప్రాజెక్టు అయినది. మేము నడచిన మండలాలు తెలంగాణలో చేరక ఆంధ్రప్రదేశ్‌లో కలిసినాయి. నదికి అడ్డంగా కాఫర్ డ్యాం లేచిన తరువాత, 2019 నుండి వరద వచ్చినప్పుడల్లా దేవీపట్నం పరిసర గ్రామాలు నీట మునిగినాయి. ఎందరో ఊళ్ళు విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయినారు. జలాశయం నిండు నీటిమట్టం 150 అడుగులు. ఆనకట్ట అక్కరలేదని నేననను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోతే డెల్టాలో ఈ పంట లేదు, మన కంచాల్లో ఈ అన్నమూ లేదు. కాని ఆ అన్నం వెల కొందరే చెల్లిస్తున్నారనే సంగతి, తినేవారందరికీ తెలిసి ఉండాలి.

విద్యార్థి మిత్రులారా, అలసట చెడ్డది కాదు. అది మన మాటల డాబును తగ్గించి, ఎదుటివాని మాట వినే ఓపికను ఇస్తుంది. నాలుగు రోజుల నడక మాకొక యాత్ర. ఆ దారి మరొకరికి జీవితకాలపు నిత్యకృత్యం. మీరు పాపికొండలకు పోయినప్పుడు లాంచీలో పాటలు తప్పక పాడండి. ఒడ్డు మీద సన్నని కాలిబాట ఒకటి ఎక్కడైనా మిగిలి కనిపిస్తే, ఒక్క నిమిషం పాట ఆపి దానిని చూడండి. ఎవరెవరిని ఆ బాట ఒడ్డుకు చేర్చినదో ఆలోచించండి.