వణుకు ఒకచోట, వదులు ఒకచోట

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు మాకు కవితలు రావని చెప్పాం. "మీకు వచ్చిందే రాయండి" అన్నారు. మాకు బాగా తెలిసింది మా నాన్న బండి. అందుకే దాని గురించి రాస్తున్నాం. మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరం ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్ళమే. మాలో పెద్దవాడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేశాడు, వయసు 23. మా ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ వాడిదే. చిన్నవాడు ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ చదివాడు. కలం పట్టింది పెద్దవాడే అయినా ఇందులో సగం మాటలు చిన్నవాడివి.

నాన్న ఇరవై ఏళ్ళు పరాయి బండ్లు తోలాడు. 2021లో ఫైనాన్సు మీద ఒక పాత పికప్ కొన్నాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లి వైపు సంతలకు సరుకు వేసుకెళ్ళడం, తిరుగు ప్రయాణంలో పసుపు, రాజ్‌మా బస్తాలు దించుకురావడం ఆయన పని. 2022 వానలకు లోపలి ఊళ్ళ దారుల్లో రాళ్ళు తేలి, బండి అడుగుకు తగలసాగాయి. అందుకని ఒక షెడ్డులో బండిని ఎత్తు చేయించాడు. కమాన్లకు అదనపు పట్టీలు వేశారు, టైర్లు ఒక సైజు పెద్దవి వేశారు. బండి మూడు అంగుళాలు లేచింది. చూడ్డానికి దర్జాగా ఉందని మేమూ మురిసిపోయాం.

2023 సంక్రాంతి ముందు మొదటిసారి వణుకు వచ్చింది. తారు రోడ్డు మీద 50 వేగంలో పోతుంటే, ఒక వంతెన అతుకు దగ్గర ఎడమ చక్రం ఎగిరిపడింది. అంతే, స్టీరింగ్ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు మీది అంబేద్కర్ గారి ఫోటో ఊడి నాన్న కాళ్ళ దగ్గర పడింది. వేగం 20కి దిగేదాకా ఆ కొట్టుకోవడం ఆగలేదు.

ముందు చక్రాలు రెండింటినీ ఒకే బీము కలిపి ఉంచే బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. ఒక చక్రానికి తగిలిన దెబ్బ బీము గుండా, టై రాడ్ గుండా రెండో చక్రానికి చేరుతుంది. అది మళ్ళీ మొదటిదాన్ని కదుపుతుంది. పికప్‌లను ఎత్తు చేసే సరదా అమెరికాలో బాగా ఉంది. అక్కడివాళ్ళు దీన్ని 'డెత్ వాబుల్' అంటారు, అంటే చావు వణుకు. మా నాన్నకు ఆ పేరు తెలియదు. "బండికి పూనకం వచ్చేస్తంది" అనేవాడు.

మేము సెలవులకు ఇంటికి రాగానే నాన్న ఈ సంగతంతా చెప్పి, ఇంకో మాట కూడా అన్నాడు. "ఎత్తు చేయించిన కాడ్నుంచి మలుపు తిప్పినాక స్టీరింగు దానంతటది ఎనక్కి రావట్లేదర్రా. నేనే లాక్కోవాలి." ఆ మాట మా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

పెద్దవాడు అప్పుడు బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. డోలనాలు, అనునాదం బాగా చదివి ఉన్నాడు. నాన్నను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఉయ్యాలను సరైన సమయానికి తోస్తూ ఉంటే ఊపు ఎలా పెరుగుతుందో చక్రాలదీ అంతే. 50 వేగంలో మన టైరు సెకనుకు సుమారు ఆరుసార్లు తిరుగుతుంది. టైర్లు పెద్దవై బరువెక్కాయి కాబట్టి అవి పక్కలకు ఊగే వేగం తగ్గి, సరిగ్గా ఈ లెక్కకు వచ్చి కలుస్తోంది. కాబట్టి చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించి, ఊపును అణిచే డ్యాంపర్ ఒకటి స్టీరింగ్‌కు బిగిస్తే చాలన్నాడు. స్కాలర్‌షిప్‌లో దాచుకున్న మూడు వేలు దానికే ఖర్చుపెట్టాం. వణుకు ఆగిపోయింది. "మా పెద్దోడు చదువుతోటి బండి బాగుచేసినాడు" అని నాన్న సంతలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ సంతోషం నాలుగు వారాలే. ఫిబ్రవరిలో ఒకనాడు ఇరవై బస్తాల పసుపుతో ఘాటీ దిగుతుంటే, కాస్త తిన్నటి దారిలో ఒక గుంట తగిలి వణుకు మళ్ళీ లేచింది. ఈసారి ముందుకంటే ఎక్కువగా. చిన్నవాడు నాన్న పక్కనే ఉన్నాడు. ఎదురుగా బస్సు, ఎడమ పక్క లోయ. నాన్న బ్రేకు మీద నిలబడలేదు. యాక్సిలరేటర్ వదిలేసి, బొటనవేళ్ళు స్టీరింగ్ ఊచల్లో ఇరుక్కోకుండా పైకి తీసి, గట్టిగా పట్టుకుని వేగం దానంతట అది తగ్గేదాకా ఓర్చాడు. బస్సు దాటిపోయాక, కుడివైపు కొండ వారగా కాలవలో చక్రం దించి ఆపాడు. బండి ఆగింది గానీ నాన్న చేతులు చాలాసేపు ఆగలేదు. పెద్దవాడి గురించి ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రాత్రి చిన్నవాడు ఫోన్‌లో అన్నాడు, "అన్నా, డ్యాంపర్ వణుకుని నొక్కి ఉంచింది. వదులు ఎక్కడో అలాగే ఉండిపోయింది." పెద్దవాడు శనివారం బస్సెక్కి వచ్చేశాడు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు బండి పెట్టి పని మొదలుపెట్టాం.

మొదట చక్రాలు నేల మీదే ఉంచాం. పెద్దవాడు స్టీరింగ్ దగ్గర కూర్చుని అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడించాడు. చిన్నవాడు కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద చెయ్యి వేసి చూశాడు. స్టీరింగ్ బాక్సు ఛాసిస్ మీద కదులుతోందా? దాని కింద పిట్‌మన్ ఆర్మ్, తర్వాత డ్రాగ్ లింక్, తర్వాత టై రాడ్ ఎండ్లు. కీలుకు ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలితే అక్కడ వదులున్నట్టు. కంటికి కనబడని వదులు వేలికి తెలుస్తుంది. ఎడమ టై రాడ్ ఎండ్ దగ్గర 'టిక్కు' మన్నది.

తర్వాత చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా చేతులు వేసి ఊపాం. ఆడింది. అది బేరింగా, కింగ్ పిన్నా? నాన్నను బ్రేకు తొక్కి పట్టమన్నాం. బ్రేకు పట్టినప్పుడు ఆట పోతే బేరింగ్ వదులు, ఆట అలాగే ఉంటే కింగ్ పిన్ వదులు. ఆట అలాగే ఉంది. కింగ్ పిన్ బుష్‌లు అరిగిపోయాయి.

రెండు దొంగలు దొరికాయి. అయినా బండిని ఎత్తు చేయించాకే ఈ వణుకు ఎందుకు మొదలైందో అర్థం కాలేదు. బుష్‌లు ఒక్క రోజులో అరగవు కదా! అప్పుడు నాన్న మళ్ళీ అదే మాట అన్నాడు, "స్టీరింగు ఎనక్కి రావట్లేదని మొదట్నించీ సెప్తన్నాను కదర్రా." ఈసారి విన్నాం.

సైకిల్ ముందు ఫోర్కు పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. అందుకే చేతులు వదిలినా సైకిల్ కొంతదూరం తిన్నగా పోతుంది. బండి కింగ్ పిన్ కూడా అలాగే పైభాగం వెనక్కి వాలి ఉండాలి. దీన్ని క్యాస్టర్ అంటారు. మలుపు తిరిగాక స్టీరింగ్‌ను నడిమికి తెచ్చేది ఎక్కువగా అదే. ఆ వాలు పోతే చక్రానికి తిన్నగా ఉండాలన్న పట్టు ఉండదు, చిన్న దెబ్బకే ఊగుతుంది.

మా బండికి కమానుకీ బీముకీ మధ్య చీలికలాంటి ఇనప పలక ఉంటుంది. ఒక అంచు మందం, ఒక అంచు పలచన. స్టాండుకు వెళ్ళి అలాంటిదే ఇంకో బండి కింద దూరి చూశాం. దానికి మందం వెనక్కి ఉంది. మా బండికి ముందుకు ఉంది! కమాన్లు విప్పి పట్టీలు వేసినప్పుడు రెండు పలకలనూ తిప్పి బిగించేశారు. రెండు డిగ్రీల పలక తిరగబడితే తేడా నాలుగు డిగ్రీలు. ఈ లెక్క కట్టడానికి డిగ్రీ అక్కర్లేదు.

కింగ్ పిన్లు, బుష్‌లు కొత్తవి వేయించి లేత్ షాపులో రీమర్ పట్టించాం. టై రాడ్ ఎండ్లు రెండూ మార్చాం. పలకలు సరిగ్గా తిప్పి, అదనపు పట్టీ ఒకటి తీసేసి, పాత సైజు టైర్లే వేసి, చివర్లో అలైన్‌మెంట్ చేయించాం. యు బోల్టులను వారం తిరిగాక మళ్ళీ బిగించాం, కొత్తగా వేసిన కమాను సర్దుకున్నాక అవి వదులవుతాయి కాబట్టి. ఖర్చు డ్యాంపర్‌కు మూడింతలైంది. అమ్మ చెవి దుద్దులు రెండు నెలలు తాకట్టులో ఉన్నాయి.

పరీక్షకు వెళ్ళేముందు చిన్నవాడు డ్యాంపర్ విప్పేశాడు. అది లేకుండా నిలిస్తేనే జబ్బు తగ్గినట్టని వాడి మాట. ఖాళీ బండి, ముగ్గురం ముందు సీట్లో. ఆ వంతెన అతుకు మీదికి ముందు 40లో, తర్వాత 50లో, ఆఖరికి 60లో తోలాడు నాన్న. 'దబ్' మని ఒక్క చప్పుడు. స్టీరింగ్ ఒకసారి అదిరి ఊరుకుంది. తిరిగి అంటించిన ఫోటో ఉన్నచోటే ఉంది. మలుపు దగ్గర నాన్న స్టీరింగ్ తిప్పి పట్టు సడలించాడు. అది ఆయన అరచేతుల్లోంచి జారుతూ నడిమికి వచ్చేసింది. మావైపు చూసి, "వచ్చింది" అన్నాడు.

డ్యాంపర్‌ను మర్నాడు మళ్ళీ బిగించాం. అది మంచి వస్తువే. దాని పని అది చేస్తుంది, బుష్ పని చేయలేదు. అనునాదం పాఠమూ తప్పు కాదు. పెద్దవాడు ఎం.ఎస్సీ.లో అదే పాఠం మళ్ళీ చదివినప్పుడు అర్థం చేసుకున్నది ఇంకా ఎక్కువ. తప్పు జరిగింది మేము అడిగే వరసలో. రోజూ ఆ స్టీరింగ్ పట్టుకునే మనిషి మొదటి రోజే జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పాడు. ఆయన ఐదో తరగతితో ఆపేశాడు కాబట్టి ఆయన మాటను ఫిర్యాదుగానే విన్నాం, కొలతగా వినలేదు.

తమ్ముళ్ళారా, మీలో చాలామంది ఇళ్ళల్లో మొదటి డిగ్రీ మీదే అవుతుంది. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నలు బండి గురించో, బావి మోటారు గురించో, ఒంట్లో నొప్పి గురించో ఏదో చెబుతారు. పుస్తకం తెరిచే ముందు ఆ మాట పూర్తిగా వినండి, రెండుసార్లు అడగండి. బండి ఇప్పటికీ ఘాటీ ఎక్కి దిగుతూనే ఉంది. ఫైనాన్సు వాయిదాలు మొన్ననే తీరాయి. నాన్న ఇప్పుడు ఏ చిన్న చప్పుడు విన్నా మా ఇద్దరికీ ఫోన్ చేస్తాడు. మేము ఇద్దరం ముందు ఒకటే అడుగుతాం: "నీకేమనిపిస్తోంది నాన్నా?"

— పూర్వ విద్యార్థులు, అన్నదమ్ములు