సాల్మన్ పిల్లల విడిది

సియాటెల్‌లో విమానం దిగేటప్పుడు కిటికీలోంచి తిన్నగా గీసిన గీతలాంటి నీరు కనిపిస్తుంది. ఇరువైపులా సిమెంటు ఫ్యాక్టరీలు, పాత ఇనుము గుట్టలు, కంటైనర్ల వరసలు. కాలువ అనుకుంటాం. అది నది. పేరు డువామిష్. తరతరాలుగా దాని ఒడ్డున బతికిన ఆదివాసుల పేరే నదికీ ఉంది.

1913లో మొదలుపెట్టి కొన్నేళ్ళలోనే దాని వంకలన్నీ కోసేసి, పెద్ద ఓడలు వచ్చేలా లోతుగా తవ్వారు. పోటుకు మునిగి ఆటుకు తేలే బురదనేలల్ని పూడ్చి ఫ్యాక్టరీలు కట్టారు. ఆ నేలల్లో నూటికి మూడు పాళ్ళయినా మిగల్లేదు. 1916లో కొత్త ఓడల కాలువ కోసం లేక్ వాషింగ్టన్ మట్టాన్ని దాదాపు తొమ్మిదడుగులు దించారు. దాంతో ఆ సరస్సు నీటిని డువామిష్‌కు తెచ్చే బ్లాక్ రివర్ ఎండిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో పీసీబీలు, ఆర్సెనిక్ వంటి విషాలు అడుగు బురదలోకి దిగాయి. 2001లో దీన్ని దేశంలోని అతి కలుషిత స్థలాల జాబితాలో చేర్చారు. ఇక్కడే ఉండే చేపల్ని, పీతల్ని తినొద్దని ఇప్పటికీ ఒడ్డున బోర్డులున్నాయి.

ఇలాంటి నది పక్కన శనివారం పొద్దున్నే కొందరు గడ్డపారలు పట్టుకుని ముళ్ళకంప పీకుతుంటారు. యూరప్, ఆసియాల నుంచి వచ్చి ఒడ్డంతా అల్లుకున్న బ్లాక్‌బెర్రీ అది. పైన నరికితే చాలదు, దుంప పెకలించాలి. లేకపోతే మళ్ళీ లేస్తుంది. ఖాళీ అయిన నేలమీద గోనెపట్టాలు పరిచి, చెక్కపొట్టు పోసి, విల్లో, డాగ్‌వుడ్ మొక్కలు నాటతారు. నీటి అంచున తుంగజాతి గడ్డి నాటి, కెనడా బాతులు మేసెయ్యకుండా చుట్టూ తాళ్ళు కడతారు.

ఇంత విషం ముందు ఇంత చిన్న పనా అనిపించడం సహజం. బురదను తవ్వి తీసే పని ప్రభుత్వానిది, కంపెనీలది. దానికి ఏళ్ళూ కోట్ల డాలర్లూ పడతాయి. కానీ సాల్మన్ పిల్ల వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. కొండల్లో పుట్టిన ఆ వేలెడు చేప సముద్రానికి పోతూ నదీముఖం దగ్గర ఆగాలి. మంచినీటికి అలవాటుపడిన ఒళ్ళు ఉప్పునీటికి తట్టుకునేలా మారేది అక్కడే. పెళ్ళివారికి విడిది ఎంత అవసరమో దానికి ఆ మజిలీ అంత అవసరం. లోతులేని నీరు, కాస్త నీడ, కొమ్మల మీంచి రాలిపడే పురుగులు చాలు దానికి. కాలువలా మార్చిన ఈ నది నిలువు గోడల మధ్య అవి దొరకవు. నాటిన విల్లో కొమ్మ నీటిమీదికి వంగితే దొరుకుతాయి.

జాన్ బీల్ అనే వియత్నాం యుద్ధ సైనికుడికి జబ్బు చేసి, ఇక కొద్ది నెలలే అని డాక్టర్లు చెప్పారట. ఆయన ఇంటి దగ్గర్లోని హామ్ క్రీక్‌లోకి దిగి పాత ఫ్రిజ్‌లు, టైర్లు బయటికి లాగడం మొదలుపెట్టాడు. డువామిష్‌లో కలిసే చిన్న వాగు అది. పాతికేళ్ళు ఆ పనిలోనే ఉండి 2006లో పోయాడు. ఆ వాగులోకి సాల్మన్ తిరిగొచ్చింది. వాగు ఆయన్ని బతికించిందని చెప్పుకుంటారు. అంత మాట నేను అనలేను. ఉన్నన్నాళ్ళూ దేనికోసం పొద్దున్నే లేవాలో ఆయనకు తెలుసు, అది తక్కువ భాగ్యమా?

పాత డువామిష్ మళ్ళీ రాదు. బ్లాక్ రివర్ అసలే రాదు. ఆ సంగతి మొక్కలు నాటేవాళ్ళకూ తెలుసు. తెలిసీ నాటుతున్నారు కనుకే నాకు వాళ్ళమీద గౌరవం.

సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో డువామిష్ ఒడ్డున అందరూ కలిసి పనిచేసే రోజులుంటాయి. పాత బూట్లు వేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్క పూట వెళ్ళి రండి.